మానిన గాయం కింద చీము

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో పూత మొదలైన నాటి నుంచి చివరి కాయ దింపేదాకా మనిషితో పాటు కుక్క కూడా కాపలా కాస్తుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు గాని, రెడ్డిగూడెం, విస్సన్నపేట వైపు గాని, తోటలో పాక వేసిన చోట పాక ముందు ఒక కుక్క ఉంటుంది. అది కోతుల్ని తరుముతుంది, రాత్రిపూట అడవిపంది అలికిడికి లేస్తుంది, పక్క తోట కుక్కతో హద్దు కోసం కలబడుతుంది. దెబ్బలు తగులుతాయి. ఎవరో ఇంత పసుపు అద్దుతారు, నాలుగు రోజుల్లో గాయం పూడుతుంది, అందరూ మర్చిపోతారు. రెండు మూడు వారాలు గడిచాక ఆ కుక్క అన్నం సగంలో వదిలేస్తుంది, పిలిస్తే బద్ధకంగా లేస్తుంది, ఒకరోజు కూర్చున్నచోటే డొక్కలెగరేస్తుంది. ఎండదెబ్బ అనో, నెమ్ము చేసిందనో అనుకుంటారు. అలాంటి కుక్కల్లో కొన్నింటికి వచ్చింది వేరే జబ్బు. ఊపిరితిత్తులకూ పక్కటెముకలకూ మధ్యనున్న సందులో చీము చేరడం. పశువైద్యులు దీన్ని పయోథొరాక్స్ అంటారు. ఈ అధ్యాయం మొత్తానికీ మూలమైన మాట ముందే చెబుతాను. ఛాతీలో చేరిన చీమును బయటికి తీయకుండా ఎంత మంచి మందు పొడిచినా దాన్ని నమ్ముకోలేం. చీము తీయగల డాక్టరు దగ్గరికి కుక్క ప్రాణంతో చేరాలంటే, దాని ఊపిరిని లెక్కపెట్టడం యజమానికి వచ్చి ఉండాలి.

చీము చేరే చోటు ఎలాంటిదో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఊపిరితిత్తి పైన ఒక పల్చని పొర, పక్కటెముకల లోపలివైపు ఇంకొక పొర ఉంటాయి. తడిపిన రెండు గాజు పలకలు ఒకదాని మీద ఒకటి జారతాయే గాని విడిపోవు. ఈ పొరలూ అంతే. వాటి మధ్య కాస్తంత తడి తప్ప మరేమీ ఉండదు. ఛాతీ విచ్చుకున్నప్పుడు ఊపిరితిత్తి కూడా దాన్ని అంటుకునే విచ్చుకుంటుంది, గాలి లోపలికి వస్తుంది. ఆ సందులోకి చీము దిగితే అంటుకున్న పొరలు విడిపోతాయి. చీము ఎంత పెరిగితే ఊపిరితిత్తి అంత ముడుచుకుంటుంది. మధ్యస్థంగా ఉన్న కుక్క ఛాతీలో అర లీటరు, కొన్నిసార్లు లీటరు దాకా చేరవచ్చు. ఒక్కో ఊపిరికి అందే గాలి తగ్గిపోతుంది కాబట్టి కుక్క ఆ లోటును లెక్క పెంచి పూడ్చుకుంటుంది, అంటే తక్కువ లోతుతో ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంది. ఈ జబ్బును ఇంట్లో పట్టుకోవడానికి మనకున్న ఆధారం అదే.

చీము పుట్టించే క్రిములు అక్కడికి చేరే దారుల్లో మన తోటలకు ముఖ్యమైనవి మూడు. మొదటిది కాటు. కుక్క చర్మం వదులుగా ఉంటుంది, పన్ను దిగినప్పుడు పన్నుతో పాటే సాగి జరుగుతుంది. అందుకే పైన చిన్న రంధ్రం మాత్రమే కనిపించినా లోపల కండ నలిగిపోయి, పక్కటెముకల మధ్య పొర చిరిగి ఉండవచ్చు. పంటితో పాటు నోటిలోని క్రిములు, వెంట్రుకలు, మట్టి లోపలికి పోతాయి. కొండల అంచున, అడవి పక్కన ఉన్న తోటల్లో అడవిపంది కోర దెబ్బ అంతకన్నా లోతుగా దిగుతుంది. పై రంధ్రం పూడిపోవడం ఇలాంటి గాయానికి మంచి సూచన కాదు. లోపలి మురికి బయటికి వచ్చే దారి మూసుకుపోయిందని కూడా దానికి అర్థం.

రెండో దారి గడ్డి. వానలు వెనకబట్టాక చెట్ల మధ్య ఎండిపోయే కొన్ని రకాల గడ్డి గింజలకు ఈటె మొనలాంటి ముక్కు, వెనక్కి వాలిన నూగు ఉంటాయి. తోటలో తిరిగి వచ్చినవారి పంచెలకు, లంగాలకు గుచ్చుకునేవి అవే. ఆ నూగు వల్ల గింజ ముందుకే పోతుంది, వెనక్కి రాదు. కుక్క వేళ్ళ సందులోనో చంకలోనో దిగి కండలో పాకవచ్చు. పరుగెత్తుతూ నోరు తెరిచి గాలి పీల్చినప్పుడు గొంతులోంచి ఊపిరితిత్తిలోకి పోయి, దాన్ని చీల్చుకుని ఛాతీ సందులోకి చేరవచ్చు. వేటకుక్కలు, పొలాల్లో తిరిగే కుక్కలు ఈ జబ్బుతో ఎక్కువగా రావడం ప్రపంచమంతటా పశువైద్యులు గమనించిన విషయం. మూడోది ఎముక. ఉడికిన కోడి ఎముక పెళుసుగా విరిగి మొనదేలుతుంది. అన్నవాహికలో ఇరుక్కుని దాన్ని చీలిస్తే ఛాతీలోకి క్రిములు దిగుతాయి. మామిడి టెంక సంగతి వేరు. అది ఎక్కువగా పేగులో అడ్డుపడుతుంది, వాంతులు, కడుపునొప్పి పుడతాయి. ఇవి కాక నెమ్ము ముదిరి, ఊపిరితిత్తిలో గడ్డ పగిలి కూడా చీము చేరవచ్చు. కొన్ని కుక్కల్లో ఎంత వెతికినా కారణం దొరకదు. దెబ్బ తగిలిన గుర్తు లేదు కాబట్టి ఈ జబ్బు కాదు అనుకోవడం అందుకే తప్పు.

కారణానికీ కష్టానికీ మధ్య రోజులు, వారాలు, గడ్డిగింజ విషయంలో నెలలు కూడా గడుస్తాయి. ఆ మధ్యకాలంలో కుక్క తన బాధను దాచుకుంటుంది. ఎంత పని చేయగలదో అంతకు తన తిరుగుడును కుదించుకుంటుంది కాబట్టి చూసేవారికి ఆయాసం కనిపించదు, సోమరితనం కనిపిస్తుంది. తోట చివరిదాకా పరుగెత్తే కుక్క సగంలో ఆగిపోవడం, తిండి తగ్గడం, వెన్నెముక తేలడం, జ్వరం వచ్చి పోతూ ఉండటం, అప్పుడప్పుడు పొడిదగ్గు, ఇవన్నీ ఇలా దాచుకుంటున్న రోజుల్లోనే మొదలవుతాయి. చీము పెరిగాక భంగిమ మారుతుంది. పక్కకు ఒరిగి పడుకోదు, ఛాతీ నేలకానించి కూర్చునే కునికిపాట్లు పడుతుంది, మోచేతులు ఒంటికి దూరంగా పెడుతుంది, మెడ ముందుకు చాపుతుంది. ఛాతీ విచ్చుకునేటప్పుడు పొట్ట లోపలికి పోవడం, చిగుళ్ళు తెల్లగానో నీలంగానో మారడం కనిపిస్తే ఇక రోజుల లెక్క లేదు, గంటల లెక్కే. నల్ల చిగుళ్ళున్న కుక్కల్లో నాలుక రంగు, కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి. గుద ద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. అంతకు మించితే అనుమానం బలపడుతుంది. మించకపోయినా అనుమానం పోదు, ఎందుకంటే చీముపట్టిన కుక్కలన్నింటికీ జ్వరం ఉండదు.

ఊపిరి లెక్కపెట్టడానికి మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. కోతల కాలమంటే ఎండలు నలభై డిగ్రీలు దాటే కాలం. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చడంతోనే ఒళ్ళు చల్లార్చుకుంటుంది. పగటిపూట లెక్కపెడితే ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా నిమిషానికి వందకు పైగా వగరుస్తుంది. ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు, కుక్క గాఢంగా నిద్రపోతుండగా ముట్టుకోకుండా చూడాలి. ఛాతీ ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే సరిపోతుంది. నిద్రలో కాళ్ళు కొట్టుకుంటూ కల కంటున్నప్పుడు లెక్కపెట్టకూడదు. ఆరోగ్యమైన కుక్కకు ఈ సంఖ్య 30 లోపు ఉంటుంది. మీ కుక్క బాగున్న రోజుల్లోనే నాలుగైదుసార్లు లెక్కపెట్టి గోడ మీదో ఫోనులోనో రాసి పెట్టుకోండి. 18 ఉండే కుక్కకు వరుసగా రెండు రోజులు 32 వస్తే డాక్టరుకు చూపించాలి. 40 దాటితే ఆ రోజే బయల్దేరాలి. చల్లటి వేళ, కదలకుండా ఉన్న కుక్క నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే లెక్కతో పనే లేదు.

ఊపిరి పెరగడం ఒక్క చీముకే వస్తుందా అని అడగవచ్చు. రాదు. గుండె జబ్బు వచ్చినా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరినా, రక్తం తగ్గినా పెరుగుతుంది. ఎలుకల మందు తిన్న కుక్కకు ఛాతీలో చీము బదులు రక్తం చేరవచ్చు. పూత సమయంలో తేనెమంచు పురుగుకు పిచికారీ చేసిన మందు నాకితే చొంగ కారుతూ, కండరాలు అదురుతూ, గంటల వ్యవధిలో ఊపిరాడని స్థితి వస్తుంది. మన ఊళ్ళలో ఎక్కువగా దారి తప్పించేది పిడుదుల వల్ల వచ్చే జ్వరం. అందులోనూ కుక్క నీరసిస్తుంది, తిండి మానేస్తుంది, చిక్కిపోతుంది. రక్తపరీక్షలో అది తేలగానే వైద్యం దాని మీదికే పోతుంది. తోటల్లో తిరిగే కుక్కకు పిడుదులు ఉండటం మామూలే కనుక ఒక జబ్బు దొరికిందని రెండో దాన్ని వెతకడం మానకూడదు. నిద్రలో ఊపిరి పెరిగి ఉంటే ఆ సంగతి డాక్టరుకు సంఖ్యతో సహా చెప్పండి. ‘ఆయాసపడుతోందండీ’ అనే మాట కంటే ‘నిద్రలో 44 ఉంది, పోయిన నెల 20 ఉండేది’ అనే మాట ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టించడంలో ఎక్కువ పనిచేస్తుంది. చీము చేరిన ఛాతీలో కిందిభాగాన గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు దూరంగా, మందంగా వినిపిస్తాయి. ఒక హెచ్చరిక కూడా. కుక్క గొంతు మారి, మింగలేక, చొంగ కారుస్తూ, స్వభావం మారిపోయి ఉంటే రేబిస్‌ను తలుచుకోవాలి. నోట్లో చేయి పెట్టకూడదు, డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇక అసలు వాదం. ‘ఇంజెక్షన్ వేయిస్తే రెండు రోజుల్లో లేచి తిరిగింది కదా, చీము తీయడం ఎందుకు?’ అనే ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే అలా లేచి తిరగడం నిజంగానే జరుగుతుంది. యాంటీబయాటిక్ రక్తంలో తిరిగే క్రిములను చంపుతుంది, జ్వరం దిగుతుంది. దానితో పాటు స్టెరాయిడ్ కలిపితే జ్వరం, నొప్పి ఇంకా తొందరగా దిగి ఆకలి పుడుతుంది, కానీ చీముతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఇంతలో ఛాతీ సందులోని చీము అలాగే ఉంటుంది. చీము అంటే చచ్చిన తెల్లకణాలు, చచ్చిన కండ, క్రిములు కలిసిన ముద్ద. దానిలోకి రక్తనాళాలు పోవు కనుక మందు తగినంత చేరదు. లోపల ప్రాణవాయువు ఉండదు, ఆమ్లం ఎక్కువ, క్రిములు నెమ్మదిగా పెరుగుతుంటాయి. పెరుగుతున్న క్రిమిని చంపేలా తయారైన మందులు ఇలాంటి చోట సగం బలం కోల్పోతాయి. పల్లెల్లో పశువులకు విరివిగా వాడే జెంటామైసిన్ దీనికి మంచి ఉదాహరణ. ఆ మందు క్రిమి లోపలికి పోవడానికే ప్రాణవాయువు కావాలి. కుక్కల ఛాతీ చీములో ఎక్కువగా ఉండేవి గాలి అవసరం లేని క్రిములు. వాటి మీద జెంటామైసిన్ పనిచేయదు. ఎన్రోఫ్లాక్ససిన్ ఒక్కటే వాడినా వీటి మీద ఆధారపడదగ్గ బలం ఉండదు. అందుకే పెన్సిలిన్ జాతి మందు, అంటే క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్ వంటిది గాని, క్లిండామైసిన్ గాని ఎన్రోఫ్లాక్ససిన్ వంటి దానితో జతచేసి మొదలుపెట్టాలని పశువైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2017లో సూచించాయి. ఆ మార్గదర్శకాలు కూడా మందుతో పాటు చీము తీయడాన్నే చెప్పాయి.

మనుషుల వైద్యంలో ఈ పాఠం చాలా ప్రాణాలు పోయాక వచ్చింది. 1917, 1918 సంవత్సరాల్లో అమెరికా సైనిక శిబిరాల్లో పొంగు, దాని వెంట నెమ్ము వచ్చి వేలమంది యువకుల ఛాతీలో చీము పట్టింది. అప్పటి పద్ధతి ప్రకారం వెంటనే పక్కటెముక కోసి ఛాతీ తెరిచి చీము వదిలేవారు. సగటున నూటికి ముప్పైమంది చనిపోయారు. ఎవార్ట్స్ గ్రాహం, రిచర్డ్ బెల్ అనే వైద్యులు కారణం వెతికారు. తెరిచిన రంధ్రంలోంచి బయటి గాలి లోపలికి దూరి ఊపిరితిత్తిని మరింత ముడిచేస్తోందని వారు చూపించారు. ఆ ప్రయోగాలు జరిగింది కుక్కల మీద. గాలి దూరకుండా మూసిన గొట్టం ద్వారా చీము తీసే పద్ధతి నిలదొక్కుకున్నాక మరణాలు బాగా తగ్గాయి. చీము తీసి తీరాలి, కానీ గాలి చొరనివ్వకుండా తీయాలి. నూరేళ్ళ తర్వాత గన్నవరం పశువైద్య ఆసుపత్రిలో కుక్కకు గొట్టం వేసినా పాటించే సూత్రం అదే. మనుషులు నేర్చుకున్న ఈ వైద్యం కోసం ప్రాణాలిచ్చిన జంతువుకు ఈ రోజు ఆ వైద్యం అందకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

వైద్యుల్లోనే భిన్నాభిప్రాయం లేదా? ఉంది, దాచనవసరం లేదు. అమెరికాలో 26 కుక్కల వివరాలతో 2002లో వచ్చిన ఒక అధ్యయనం ఆపరేషన్ వైపు మొగ్గింది. ఛాతీ తెరిచి శుభ్రం చేసిన కుక్కల్లో నూటికి 78 ఏడాది తర్వాత జబ్బు లేకుండా ఉన్నాయి, ఆపరేషన్ లేని వైద్యం పొందినవాటిలో 25 మాత్రమే. బ్రిటన్ నుంచి 2007లో వచ్చిన మరో అధ్యయనంలో 15 కుక్కలకు ఆపరేషన్ లేకుండా, సూదితో ఒకసారి చీము లాగేసి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి నయం చేశారు. రెండింటిలోనూ కుక్కల సంఖ్య తక్కువ, జబ్బు ముదిరిన తీరు ఒకటి కాదు, లోపల గడ్డిగింజ ఉన్న కుక్కకూ లేని కుక్కకూ ఫలితం ఒకేలా ఉండదు. అందుకే ఈ సంఖ్యలను పోటీకి నిలబెట్టడం కంటే అవి కలిసేచోటు చూడటం మంచిది. ఎంత తీయాలి, సూదితోనా గొట్టంతోనా కత్తితోనా అన్నదాని మీదే వారి వాదన. అసలు తీయకుండా వదిలేయమని ఏ పక్షమూ చెప్పలేదు.

ఛాతీలో సూది దించితే కుక్క చచ్చిపోతుందనే భయం ఊళ్ళలో బలంగా ఉంది. ఆసుపత్రికి ఆఖరి క్షణంలో తెచ్చిన కుక్కలు సూది దించిన వెంటనే పోవడం కొందరు చూసి ఉంటారు. పోయింది ఆలస్యం వల్ల, నింద సూది మీద పడింది. ఏడు, ఎనిమిది పక్కటెముకల ప్రాంతంలో, ఎముక ముందరి అంచు పక్కగా సూది దించుతారు. రక్తనాళాలు ఎముక వెనక అంచున ఉంటాయి కాబట్టి అలా. స్కానింగ్ ఉంటే చీము ఎక్కడుందో చూస్తూ దించుతారు. ప్రమాదం సున్నా అని చెప్పను, కానీ మునిగిపోతున్న ఊపిరితిత్తికి మొదటి ఉపశమనం ఆ సూదే ఇస్తుంది. ఊపిరాడని కుక్కను ఎక్స్‌రే కోసం పక్కకు పడుకోబెట్టి పట్టుకోవడమే అంతకన్నా ప్రమాదం. అందుకే బాగా ఆయాసంతో ఉన్నప్పుడు ముందు ఆక్సిజన్ పెట్టి, కొంత చీము లాగి, తర్వాతే ఎక్స్‌రే తీస్తారు. లాగిన చీమును డాక్టరు గాజు పలక మీద పూసి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాల లోపల క్రిములు కనిపిస్తాయి. నిమిషాల్లో, తక్కువ ఖర్చుతో జబ్బు ఖాయమయ్యే పరీక్ష ఇది. దారాల్లాంటి క్రిములు గాని, చీములో పసుపుపచ్చ రవ్వలు గాని కనిపిస్తే ఆక్టినోమైసిస్, నోకార్డియా జాతులను అనుమానిస్తారు, వాటికి మందు ఎంపిక, వాడకం కాలం మారతాయి. కుళ్ళు వాసన గాలి అవసరం లేని క్రిములకు గుర్తు. కల్చర్ పరీక్షకు పంపేటప్పుడు గాలి చేరకుండా సిరంజి మూసి పంపమని అడగండి, వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే.

చీము చిక్కగా ఉన్నా, మళ్ళీ మళ్ళీ చేరుతున్నా పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేస్తారు. రోజుకు ఒకటి రెండుసార్లు, కిలో బరువుకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల లెక్కన, గోరువెచ్చని సెలైన్ ఎక్కించి కడిగి బయటికి లాగుతారు. గొట్టం సాధారణంగా నాలుగైదు రోజులు ఉంటుంది. వచ్చే నీరు తగ్గి, అందులో క్రిములు కనబడకుండా పోయాక తీస్తారు. ఈ రోజుల్లో కుక్కను ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టకండి. అది గొట్టాన్ని కొరికితే గాలి లోపలికి దూరి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. కొన్ని రోజులు కడిగినా చీము ఆగకపోతే, ఎక్స్‌రేలోనో సీటీ స్కానింగ్‌లోనో గడ్డ గాని గడ్డిగింజ గాని అనుమానం వస్తే ఆపరేషన్ మాట వస్తుంది.

ఇదంతా ఎక్కడ జరుగుతుంది? నూజివీడు 2022లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారినా పెద్ద పశువైద్యానికి దారి ఇప్పటికీ గన్నవరం వైపే. అక్కడ 1998లో మొదలైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దాని అనుబంధ ఆసుపత్రిలో బోధకులు, విద్యార్థులు కలిసి వైద్యం చేస్తారు. ముందు మీ మండల పశువైద్యశాలకు వెళ్ళండి, లేదా 1962 నంబరుకు ఫోను చేయండి. వారు ఛాతీ విని, అవసరమైతే సూదితో కొంత చీము లాగి పంపితే ప్రయాణం తట్టుకునే బలం వస్తుంది. బయల్దేరే ముందు పెద్దాసుపత్రికి ఫోను చేసి గొట్టం వేసే వీలు ఆ రోజు ఉందో లేదో కనుక్కోవడం మరవకండి. ఎండ ఎక్కకముందే బయల్దేరాలి. కుక్కను దానికి నచ్చిన భంగిమలోనే, ఛాతీ మీద కూర్చోనివ్వాలి. వెల్లకిలా తిప్పకూడదు, మూతి కట్టకూడదు, ఒడిలో బిగించి పట్టకూడదు. సీసాతో పాలో కషాయమో నూనో గొంతులో పోయకూడదు. ఆయాసపడే జంతువు మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల జ్వరం బిళ్ళలు, నొప్పి బిళ్ళలు కూడా వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. గాయం అప్పుడే తగిలి, ఛాతీ రంధ్రంలోంచి గాలి చప్పుడు వస్తుంటే శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం దాని మీద అదిమి పట్టుకుని బయల్దేరాలి. పుల్లో కర్రో గుచ్చుకుని ఉంటే పీకకూడదు.

చివరి అభ్యంతరం డబ్బు. కాయకు ధర లేని ఏడు కౌలు కట్టడమే కష్టమైన రైతును, కాపలా కుక్క కోసం వారం రోజులు ఆసుపత్రిలో ఉండమనడం తేలిక కాదు. దీన్ని దయలేనితనమని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఖర్చు ఎక్కడ పెరుగుతుందో చూడాలి. నిద్రలో ఊపిరి 32 ఉన్నప్పుడు చూపిస్తే సూది, గాజు పలక పరీక్ష, మందులతో గట్టెక్కే అవకాశం ఉంది. ముదిరాక గొట్టం, రోజుల తరబడి సెలైన్లు, ఒక్కోసారి ఆపరేషన్. నాలుగుసార్లు వేయించిన పనికిరాని ఇంజెక్షన్ల ఖర్చు ఎవరూ కూడి చూడరు. గొట్టం వేయించే స్తోమత నిజంగా లేకపోతే, ఆ మాట డాక్టరుకు చెప్పి, సూదితో తీయగలిగినంత చీము తీయించి, సరైన జంట యాంటీబయాటిక్స్ పూర్తికాలం వాడటం రెండో దారి. 2007 నాటి ఆ 15 కుక్కల అనుభవం ఈ దారికి కొంత బలమిస్తుంది. అదీ సాగక కుక్క ఊపిరాడక కొట్టుకుంటుంటే, నొప్పి లేకుండా ప్రాణం విడిచేలా డాక్టరు చేత సూదిమందు ఇప్పించడం కూడా బాధ్యతే. మూలకు కట్టేసి రెండు మూడు రోజులు గాలికోసం పెనుగులాడనివ్వడం మాత్రం ఏ పేదరికమూ సమర్థించలేని పని.

ఇంటికి వచ్చిన కుక్క మూడో రోజుకే గంతులేస్తుంది, మందు అక్కడే ఆగిపోతుంది. జబ్బు తిరగబెట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం. యాంటీబయాటిక్ కనీసం 3 వారాలు, చాలా కుక్కలకు 4 నుంచి 6 వారాలు సాగాలి. మొదలుపెట్టిన 10 నుంచి 14 రోజుల మధ్య ఒక ఎక్స్‌రే, మందు ఆపేముందు మరొకటి తీయించాలి. ఈలోగా తోటలో కాపలాకు వదలకండి. రోజూ తెల్లవారుజామున ఊపిరి లెక్క రాయండి, బరువు తూచగలిగితే అదీ రాయండి. పాక చుట్టూ ముళ్ళగింజల గడ్డి కోసేయడం, తోటలోంచి రాగానే వేళ్ళ సందులు, చంకలు, చెవులు తడిమి చూడటం, ఉడికిన ఎముకలు వేయకపోవడం ఇకముందు అలవాటు కావాలి. ఛాతీ మీద కాటు పడితే పైకి ఎంత చిన్నదైనా ఆలస్యం చేయకుండా వెంట్రుకలు కత్తిరించి లోతు చూడమని డాక్టరును అడగండి, రేబిస్ టీకా వేయించండి. మందు ఆపాక కూడా కొన్ని నెలలు వారానికోసారి లెక్క సాగించాలి. కోలుకున్న కుక్క ఊపిరి మళ్ళీ 30 దాటుతోందంటే లోపల గడ్డిగింజో, మూసుకుపోయిన గడ్డో మిగిలి ఉండవచ్చు. అప్పుడు మళ్ళీ అవే బిళ్ళలు అడిగి తెచ్చుకోకుండా, పాత ఎక్స్‌రేలు, రాసిపెట్టుకున్న లెక్క చేతబట్టుకుని వెళ్ళి, సీటీ స్కానింగ్, ఆపరేషన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి.